ఎడారులు పచ్చబడుతున్నాయన్న మాటలో కార్బన్ డయాక్సైడ్ వాటా ఎంత?

ప్రశ్న: సందేహి

అందరికీ నమస్కారం. 2024 సెప్టెంబరులో సహారా ఎడారిలో కురిసిన వర్షాల చిత్రాలను మీలో చాలామంది చూసే ఉంటారు. మొరాకోలో ఇసుక తిన్నెల మధ్య నీళ్లు నిలిచాయి. సుమారు యాభై ఏళ్లుగా ఎండి ఉన్న ఇరికీ సరస్సులోకి నీరు చేరింది. ఆ చిత్రాలు ఈమధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మళ్లీ తిరుగుతున్నాయి. వాటి కింద మా బావగారు, కార్బన్ డయాక్సైడ్‌ను తాను బడిలో చదువుకున్న నాటి పేరుతోనే పిలుస్తూ, "గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే మొక్కలకు తిండి పెరిగినట్టే కదా, ఎడారులు కూడా చిగురిస్తున్నాయి, మరి ఈ గగ్గోలంతా దేనికి?" అని రాశారు.

ఆ మాట తప్పని వెంటనే రాయబోయి ఆగిపోయాను. కార్బన్ డయాక్సైడ్ లేనిదే కిరణజన్య సంయోగక్రియ లేదన్నది చిన్న తరగతుల పాఠమే. విదేశాల్లో కూరగాయలు పెంచే గాజు గృహాల్లోకి ఆ వాయువును కొని మరీ వదులుతారని కూడా విన్నాను. అయితే ఎడారిలో మొక్క మొలవకపోవడానికి కారణం నీరు చాలకపోవడమే తప్ప గాలి చాలకపోవడం కాదు గదా! పచ్చదనం పెరిగిందన్నది నిజంగా కొలిచి చెప్పిన విషయమేనా? పెరిగి ఉంటే అందులో వానల వాటా ఎంత, మనుషుల వాటా ఎంత, ఈ వాయువు వాటా ఎంత అన్నది ఎలా విడదీస్తారు?

అడగడానికి ఒక సొంత కారణం కూడా ఉంది. మాది అనంతపురం జిల్లా రాయదుర్గం వైపు. హగరి నది ఇసుక గాలికి లేచి బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో పొలాల మీద తిన్నెలుగా పేరుకోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మా నాన్నగారు ఇప్పటికీ వేరుశనగే వేస్తారు. బావగారి మాటే నిజమైతే మాలాంటి వాళ్లకు అది శుభవార్త కావాలి. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: పత్రహరితం

సందేహి గారూ, మీ ప్రశ్నకు జవాబు ఆకు అడుగున ఉండే పత్రరంధ్రం దగ్గర మొదలవుతుంది. మొక్క గాలిని లోపలికి తీసుకోవాలంటే ఆ రంధ్రాన్ని తెరవాలి, తెరిచినంతసేపూ లోపలి తేమ ఆవిరిగా బయటికి పోతూనే ఉంటుంది. ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువును పట్టుకోవడానికి మామూలు మొక్క వందల కొద్దీ నీటి అణువులను వదులుకుంటుంది. గాలిలో ఆ వాయువు చిక్కబడితే రంధ్రాన్ని కొంత మూసి ఉంచినా కావలసినంత దొరుకుతుంది కనుక, అదే చెంబెడు నీటితో మొక్క మరికొన్ని ఆకులు తొడగగలదు. అంటే ఈ వాయువు నీళ్లను తెచ్చిపెట్టదు, ఉన్న నీళ్లను పొదుపుగా వాడుకోనిస్తుంది. అందువల్లనే దీని ప్రభావం, వినడానికి వింతగా ఉన్నా, ఇదివరకే ఆకులు దట్టంగా కమ్ముకున్న అడవుల్లో కన్నా వెచ్చని మెట్ట నేలల్లో స్పష్టంగా బయటపడాలి.

ఈ అంచనాను లెక్కతో పరీక్షించినవారు ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓకు చెందిన రాండల్ డోనహ్యూ, ఆయన సహచరులు. వారి పరిశోధన 2013లో వెలువడింది. 1982 నుంచి 2010 వరకు గాలిలో కార్బన్ డయాక్సైడ్ 14 శాతం పెరిగింది. అంత పెరుగుదలకు వెచ్చని పొడి నేలల్లో ఆకుల కప్పు 5 నుంచి 10 శాతం పెరగవచ్చని వారు ముందు సిద్ధాంతపరంగా లెక్కకట్టారు. ఆ తరువాత ఉపగ్రహ చిత్రాలను తీసుకొని, ఒకే మోతాదులో వాన పడే ప్రాంతాలను ఒక గుంపుగా చేసి, అంత వానకు అత్యధికంగా ఎంత ఆకు నిలవగలుగుతున్నదో ఆ పై హద్దును మాత్రమే కాలక్రమంలో పోల్చి చూశారు. వానల హెచ్చుతగ్గులను పక్కకు పెట్టడానికి వారు పట్టిన ఉపాయం ఇదే. పై హద్దు 11 శాతం పెరిగినట్టు తేలింది. మీరు అడిగిన "ఎలా విడదీస్తారు" అన్నదానికి నేను చూసినంతలో ఇంతకన్నా తేటగా చెప్పిన పద్ధతి లేదు.

అయితే ఆ 11 శాతాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. వంద గజాల నేలలో ఇరవై గజాలు ఆకు నీడలో ఉన్నచోట అది సుమారు ఇరవై రెండు గజాలయిందని దాని అర్థం. ఇసుక తప్ప మరేమీ లేని చోట సున్నాకు 11 శాతం కలిపినా సున్నాయే.

అమెరికాలో నెవాడా రాష్ట్రపు మొహావీ ఎడారిలో 1997 నుంచి 2007 వరకు సాగిన ప్రయోగాన్ని కూడా ఇక్కడ చెప్పాలి. ఎడారి పొదల చుట్టూ వలయాకారంగా గొట్టాలు నిలబెట్టి, కొన్ని వలయాల్లోకి పది లక్షల వంతులకు 550 వంతుల కార్బన్ డయాక్సైడ్ ఉండేలా గాలిని వదిలారు, మరికొన్నింటిలోకి మామూలు గాలినే వదిలారు. పైన కప్పు గాని, పక్కన గోడ గాని లేవు. ఎండా వానా ఎడారివే. 1998లో ఎల్ నినో వల్ల వానలు బాగా పడినప్పుడు చిక్కటి గాలి అందిన పొదలు రెండింతల కొత్త చిగుళ్లు వేశాయి. ఆ మరుసటి కరవు సంవత్సరంలో రెండు రకాల వలయాలకూ తేడా లేకపోయింది. పైగా తడి ఏడాదిలో అందరికన్నా ఎక్కువ లాభపడింది అక్కడి సొంత మొక్కలు కావు, బయటి నుంచి వచ్చిన ఒక గడ్డి. అది ఎండిపోయాక మంటకు మేత అవుతుంది, మంటలకు అలవాటు లేని ఎడారి పొదలు ఆ తాకిడికి తట్టుకోలేవు. పదేళ్ల తరువాత వలయాల్లోని మొక్కలను కోసి తూచితే భూమి పైభాగంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నేలలోని కర్బనం మాత్రం పెరిగింది. మీ బావగారికి చూపించడానికి నేనైతే సహారా చిత్రం కన్నా ఈ ప్రయోగాన్నే ఎంచుకుంటాను.

సమాధానం: ఎడారిబాట

పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు ఆఫ్రికాలోని నైజర్ దేశంలో, రాజధాని నియామే దగ్గర సదోరే అనే చోట ఒక కేంద్రం ఉన్నది. ఉద్యోగరీత్యా ఆ చుట్టుపక్కల రెండేళ్లు తిరిగినవాడిగా, సహారాకు దక్షిణపు అంచైన సాహెల్ గురించి నాలుగు మాటలు చెబుతాను, ఎందుకంటే "ఎడారి పచ్చబడింది" అనేవారు ఎక్కువగా చూపించేది ఆ ప్రాంతాన్నే.

సాహెల్‌లో 1960ల చివర మొదలైన కరవు 1970ల ఆరంభంలోను, మళ్లీ 1983, 1984లలోను ఘోరంగా దెబ్బతీసింది. ఉపగ్రహాల ద్వారా పచ్చదనాన్ని క్రమం తప్పకుండా కొలవడం మొదలైంది 1980ల తొలినాళ్లలోనే. అంటే కొలబద్దలోని మొదటి గీత అడుగంటిన బావి దగ్గర గీసినదన్నమాట. ఆ తరువాత వానలు కోలుకున్నాయి, వానలతో పాటు పచ్చదనమూ కోలుకున్నది. ఇందులో ఎంత భాగం కొత్త లాభమో, ఎంత భాగం పోగొట్టుకున్నది తిరిగి రావడమో చెప్పకుండా వట్టి పెరుగుదల శాతాన్ని చూపించడం పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడమే అని నా అభిప్రాయం.

రెండవది మనుషుల పని. నైజర్ దక్షిణ భాగంలోని మరాడి, జిందర్ ప్రాంతాల రైతులు 1980ల నుంచి పొలాల్లో కొత్త మొక్కలు నాటడం మాని, నేల కింద బతికి ఉన్న పాత మొద్దుల నుంచి వచ్చే పిలకలను కాపాడుకోవడం మొదలుపెట్టారు. విత్తనం చల్లేముందు పిలకలన్నీ నరికివేయడం అంతకుముందటి అలవాటు. ఇప్పుడు ఒక్కో మొద్దుకు రెండు మూడు బలమైన పిలకలను ఉంచి, మిగిలినవి కోసి వంటచెరకుగా వాడుకుంటారు. ఈ పద్ధతిని ప్రచారం చేసినవారిలో ఆస్ట్రేలియాకు చెందిన టోనీ రినాడో ముఖ్యులు. సుమారు 50 లక్షల హెక్టార్లలో ఇలా చెట్లు తిరిగి లేచాయని అంచనా. అక్కడి సజ్జ చేలల్లో నాకు బాగా గుర్తుండిపోయినది గావో చెట్టు. మన తుమ్మకు దూరపు చుట్టంలా ముళ్లతో ఉంటుంది గాని, దాని నడవడి మాత్రం తలకిందులు: వానాకాలంలో ఆకు రాల్చేసి పైరుకు ఎండ తగలనిస్తుంది, ఎండాకాలంలో చిగురించి పశువులకు కాయలు రాలుస్తుంది. ఆ చెట్టు కింద సజ్జ కంకి పక్క సాళ్లలోని కంకి కన్నా బలంగా ఉండటం రైతులే చూపించారు.

ఇక అసలు విషయం. నైజర్, నైజీరియా దేశాల సరిహద్దును ఉపగ్రహ చిత్రంలో చూసినవారు నైజర్ వైపు పొలాల్లో చెట్లు ఎక్కువగా, నైజీరియా వైపు తక్కువగా ఉన్నట్టు గుర్తించారు. గాలి రెండు వైపులా ఒకటే, దానిలోని కార్బన్ డయాక్సైడ్ ఒకటే. వాన దక్షిణానికి, అంటే నైజీరియా వైపుకే, కాస్త అనుకూలం. అయినా చెట్లు ఉత్తరం వైపు ఎక్కువగా ఉన్నాయంటే, ఆ తేడాకు కారణం రైతు చేతిలోని కొడవలి దేన్ని కోసింది, దేన్ని వదిలిపెట్టింది అన్నదే.

సమాధానం: అంకెలగోల

ఎడారిబాట గారి సరిహద్దు ఉదాహరణ బాగుంది గాని, దానితో వాయువు వాటా సున్నా అని తేలదు. రెండు వైపులా సమానంగా పడే ప్రభావం తేడాలో కనిపించదు గదా! రెండు మడులకూ ఒకే ఎరువు వేసి, మడుల మధ్య తేడా చూసి, ఎరువు పనిచేయలేదనడం కుదరదు.

ప్రపంచం మొత్తానికి లెక్క కట్టిన పరిశోధన 2016లో వచ్చింది. అందులో ముఖ్య పాత్ర వహించిన బోస్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు రంగా మైనేని ఇంటిపేరు మనవాళ్లకు చెవికి ఇంపుగానే ఉంటుంది. 1982 నుంచి మూడు దశాబ్దాల ఉపగ్రహ కొలతల్లో, మొక్కలున్న భూభాగంలో పాతిక నుంచి యాభై శాతం వరకు పచ్చదనం పెరిగిందని, తగ్గింది 4 శాతం లోపేనని తేలింది. ఆ పెరుగుదలలో 70 శాతం దాకా కార్బన్ డయాక్సైడ్ వల్లనేనని నమూనాలు చెప్పాయి. మీ బావగారి పక్షానికి ఇంతకన్నా గట్టి అంకె దొరకదు. అయితే ఆ 70 శాతం కంప్యూటర్ నమూనాల ద్వారా పంచి చూపిన వాటా, నేరుగా కొలిచినది కాదు. అది ప్రపంచమంతటికీ కలిపి కట్టిన లెక్కే తప్ప ఎడారులకు ప్రత్యేకించి కట్టినది కూడా కాదు.

అదే మైనేని గారి బృందం 2019లో 2000 నుంచి 2017 వరకు మరింత మంచి ఉపగ్రహ పరికరాల కొలతలతో మళ్లీ చూసినప్పుడు బొమ్మ కొంత మారింది. ప్రపంచంలో మొక్కలున్న నేలలో 9 శాతమే చైనా, భారతదేశాలలో ఉన్నా, పెరిగిన ఆకు విస్తీర్ణంలో మూడో వంతు ఈ రెండు దేశాలదే. మన దేశపు పెరుగుదలలో 82 శాతం పంట పొలాల నుంచే వచ్చింది. రెండో పంట, ఎరువు, బోరు నీరు అన్నీ అందులో ఉన్నాయి. బోరు ఎండితే ఆ పచ్చదనమూ ఎండుతుంది. ఉపగ్రహానికి ఆకు కనిపిస్తుందే గాని అది ఎవరి నీళ్లతో పెరిగిందో కనిపించదు.

2020లో మరో రెండు పరిశోధనలు వచ్చాయి. ఒకటి, ఈ వాయువు ఎరువులా పనిచేసే బలం 1982 నుంచి క్రమంగా తగ్గుతున్నదని చెప్పింది. కొలతలు నమ్మదగినవేనా అన్న విషయంలో దాని మీద వాదోపవాదాలు జరిగాయి. రెండవది మీ ప్రశ్నకు దగ్గరది. 1982 నుంచి 2015 వరకు మెట్ట, ఎడారి ప్రాంతాల్లో సగటున పచ్చదనం పెరిగినా, వాతావరణ మార్పు అందులో 12.6 శాతం నేలను, అంటే 54 లక్షల చదరపు కిలోమీటర్లను, క్షీణింపజేసిందని అది లెక్కగట్టింది. సగటు పెరగడం, కొన్నిచోట్ల నేల చెడిపోవడం రెండూ ఒకేసారి జరగగలవు. ఇంటిల్లిపాది సగటు బరువు పెరిగినంత మాత్రాన ఇంట్లో ఎవరూ చిక్కిపోలేదని అనలేం.

సమాధానం: పాతరాయి

ఒక చిన్న మాట. సహారా నిజంగా పచ్చగా ఉన్న కాలం ఒకటి ఉన్నది. సుమారు 11,000 ఏళ్ల కిందటి నుంచి 5,000 ఏళ్ల కిందటి వరకు అక్కడ గడ్డి మైదానాలు, సరస్సులు, నీటి గుర్రాలు ఉండేవి. ఆనాటి చాద్ సరస్సు దాదాపు నేటి కాస్పియన్ సముద్రమంత ఉండేది. అల్జీరియాలోని తస్సిలి నజ్జేర్ రాతి మీద ఆవుల మందలను తోలుకొని పోయే మనుషుల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజుల్లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల వంతులకు 260, 270 వంతుల మధ్య ఉండేది. ఇప్పుడు 420 దాటింది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో వేసవి ఎండ తీవ్రమై, ఆఫ్రికా రుతుపవనాలను ఉత్తరానికి లాగింది. వాన వచ్చింది కాబట్టి గడ్డి వచ్చింది. 2024 సెప్టెంబరు చిత్రాల్లో ఉన్నది కూడా వాన ప్రతాపమే. ఒక్క నెలలో మొలిచిన గడ్డిని దశాబ్దాలుగా చిక్కబడుతున్న వాయువు ఖాతాలో రాయడం సరికాదు.

సమాధానం: మెట్టపైరు

సందేహి గారు చివర అడిగిన వేరుశనగ సంగతిని ఎవరూ ముట్టుకోలేదు కనుక నేను రాస్తున్నాను. మొక్కల్లో ఈ వాయువును పట్టుకునే తీరును బట్టి సీ3, సీ4 అని రెండు ముఖ్య రకాలున్నాయి. వేరుశనగ, కంది, ఆముదం, పత్తి, వరి మొదటి రకం. జొన్న, సజ్జ, కొర్ర, రాగి, మొక్కజొన్న రెండవ రకం. రెండవ రకం మొక్కలు వాయువును తమ ఆకులోనే ముందుగా పోగుచేసుకుంటాయి కాబట్టి బయట అది పెరిగినా వాటి ఎదుగుదలకు పెద్దగా ఒరిగేదేమీ లేదు, కరవులో నీటి పొదుపు కొంత ఉంటుంది. మొదటి రకానికి లాభం ఉంటుంది. ఆ లెక్కన వేరుశనగ లాభపడే జాబితాలోనే ఉన్నది.

అయితే వేరుశనగకు దిగుబడి ఆకులో లేదు, ఊడలో ఉన్నది. పూత పూసి, ఊడ కిందికి వంగి, మట్టిలోకి దిగితేనే కాయ. ఆ రెండు మూడు వారాల్లో వాన ముఖం చాటేస్తే పైమట్టి పెచ్చుకట్టి, ఊడ మొన నేలను తాకి అక్కడే వాడిపోతుంది. చెట్టు చూడటానికి పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే నాలుగు కాయలుంటాయి. ఇది అనంతపురం రైతుకు ఎవరూ చెప్పనక్కరలేని విషయం. వేడి సంగతి కూడా ఇలాంటిదే. పి.వి. వరప్రసాద్, ఆయన సహచరులు అమెరికాలోని ఫ్లోరిడాలో వేరుశనగను మామూలు గాలిలోనూ, రెట్టింపు కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలిలోనూ రకరకాల ఉష్ణోగ్రతల వద్ద పెంచి 2003లో ఫలితాలు ప్రచురించారు. వేడి హద్దు మీరినప్పుడు పుప్పొడి దెబ్బతిని గింజ కట్టడం తగ్గింది. ఆ నష్టాన్ని అదనపు వాయువు ఆపలేకపోయింది. వాయువు పెరగడం వల్ల వచ్చే లాభాన్ని చెప్పేవారు, అదే వాయువు తెచ్చే వేడిని ఆ లాభంలోంచి తీసివేసి చెప్పాలి.

పోషకాల మాట కూడా ఉన్నది. వరి, గోధుమల్లాంటి మొదటి రకం ధాన్యాలను పది లక్షల వంతులకు 550 వంతుల దగ్గర ఆరుబయట పెంచి చూస్తే గింజలో జింకు, ఇనుము తగ్గినట్టు 2014లో తేలింది.

చివరగా సర్కారు తుమ్మ. ఇది కూడా సీ3 మొక్కే, ఎక్కడి నీరైనా వేళ్లతో లాగేస్తుంది. మన దేశంలో దీన్ని మొదట నాటింది 1877లో, కడప జిల్లా కమలాపురంలో. ఇప్పుడు చెరువు గర్భాలు, బీళ్లు, వంక గట్లు ఎక్కడ చూసినా అదే. ఉపగ్రహ చిత్రంలో మా పక్క ఊరి చెరువు ఏడాది పొడవునా పచ్చగా కనిపిస్తుంది. దగ్గరికి వెళితే నీరుండదు, లోపలికి మనిషి గాని గొర్రె గాని దూరలేనంత ముళ్ల కంప ఉంటుంది. ఆ పచ్చదనం పైనుంచి తీసే లెక్కలో లాభం కిందే జమ అవుతుంది. అంతరిక్ష శాఖ వారి పటాల ప్రకారం 2018-19 నాటికి దేశ విస్తీర్ణంలో 29.77 శాతం, అంటే 9 కోట్ల 78 లక్షల హెక్టార్లు, క్షీణించిన నేల. 2011-13 నాటికి అది 29.32 శాతం. ఆకు పెరిగిన దేశంలోనే నేల తరిగింది.

మళ్లీ సందేహి

అందరికీ ధన్యవాదాలు. నెవాడా ప్రయోగం గురించి చదివి వినిపిస్తే మా బావగారు, "అయితే వాన పడిన ఏడు పనిచేస్తుందన్నమాట" అని ఒప్పుకొన్నారు, అంటే సగం దిగివచ్చారు. ఒక్క అనుమానం మిగిలింది. పొద, గడ్డి, పైరు, కంప అన్నీ ఒకే ఆకుపచ్చగా కనిపిస్తుంటే, ఎడారిలో చెట్లు నిజంగా పెరిగాయో లేదో తెలుసుకునే దారి ఏదైనా ఉన్నదా?

సమాధానం: ఎడారిబాట

ఉన్నది, ఒక్కొక్క చెట్టునూ లెక్కపెట్టడమే. 2020లో మార్టిన్ బ్రాంట్, ఆయన సహచరులు పశ్చిమ ఆఫ్రికాలో సహారా, సాహెల్ మొదలైన ప్రాంతాల్లో 13 లక్షల చదరపు కిలోమీటర్ల నేలను చాలా సూక్ష్మమైన ఉపగ్రహ చిత్రాలతో చూసి, మూడు చదరపు మీటర్లకు మించిన నీడ ఉన్న ప్రతి చెట్టునూ కంప్యూటర్ చేత గుర్తింపజేశారు. ఎవరూ ఊహించనన్ని, 180 కోట్లకు పైగా చెట్లు లెక్కకు వచ్చాయి. మామూలు ఉపగ్రహ పటాల్లో వట్టి ఇసుకగా కనిపించే చోట కూడా హెక్టారుకు ఒకటి కన్నా తక్కువే అయినా చెట్లు ఉన్నాయి. కాకపోతే అది ఒక్కసారి తీసిన జనాభా లెక్క వంటిది. పెరిగాయా తరిగాయా అని చెప్పాలంటే అదే నేల మీద అదే పద్ధతిలో కొన్నేళ్ల ఎడంతో తీసిన రెండో లెక్కను దాని పక్కన పెట్టి చూడాలి.